నీలం మూత సీసా

పోయిన వారం మీరు నన్ను మా నడిమింట్లో, మంచం పక్కన, చేతుల్లో పిల్లితో వదిలేసి మీ పనుల్లోకి వెళ్లిపోయారు. మీకు ఏడు రోజులు గడిచాయి. నాకు మాత్రం నిమిషం కూడా కాలేదు. పిల్లి మూతి నుంచి కారిన నురగ నా మోచేతి మీద ఇంకా వెచ్చగానే ఉంది.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు. నా పేరు శోభ. రామన్నపేటలో మీసేవ కేంద్రంలో పనిచేస్తాను. మా మామ గుర్వయ్యకు డెబ్బై గొర్రెలు, మా అత్త భద్రమ్మకు రెండెకరాల పత్తి, నా మొగుడు మల్లేశ్‌కు హైదరాబాద్‌లో కిరాయికి తిప్పే కారు. ఉగాదికి ముందు ఆ కారులోనే ఈ పిల్లి మా ఊరికి వచ్చింది. ఇల్లు మారుతున్న వాళ్లెవరో కొత్త ఇంట్లో పిల్లులను రానివ్వరని మల్లేశ్ చేతిలో పెట్టారట. రాగ్‌డాల్ అనే విదేశీ జాతి. ఒళ్లంతా పాలమీగడ రంగు, చెవులూ మూతీ తోకా గోధుమ రంగు, కళ్లు నీలం. ఎత్తుకుంటే ఒళ్లంతా వదిలేసి తడి తువ్వాలులా చేతుల మీద వేలాడుతుంది. గీరదు, కరవదు, ఎవరు పిలిచినా పోతుంది. ఏంజెల్ అని పేరు పెట్టి పంపారు. మామకు నోరు తిరగక అంజమ్మను చేశాడు. అత్తకు మాత్రం మొదటి నుంచీ అది కంట్లో నలుసే. "ఎలుకలు పట్టని పిల్లి ఎందుకు? దీనికన్న ఎలుకల మందే నయం," అని ఆమె అనని రోజు లేదు. నాలుగు రోజుల కిందట పక్కింటి నాగులమ్మ ముందు, "ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె," అని తేల్చేసింది. ఆ గొడవలో మామ పిల్లి పక్కన నిలబడ్డాడు. అప్పటి నుంచి అత్తామామలిద్దరికీ మాటల్లేవు.

ఇక శుక్రవారం పదకొండున్నరకు, సర్వర్ పనిచేయక నేను ఇంటికి వచ్చి, మంచం మీది అంజమ్మను ఎత్తుకుంటే దాని నోటి నుంచి నురగ కారింది. అక్కడ ఆగాం.

మొదట నేను భయపడలేదు. ఎత్తుకుంటే వేలాడటం దాని పుట్టుకే కదా. కానీ అంజమ్మ వేలాడేటప్పుడు గొంతులో గురగుర ఉంటుంది, తోక చివర కదులుతుంది. ఇప్పుడు గురగుర లేదు. తోక కదలడం లేదు. వెనక కాళ్లు మాత్రం సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి.

వాకిట్లోకి వచ్చాను. అత్త చాటలో కందిపప్పు చెరుగుతోంది. నాగులమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"దీనికి ఏమైంది?" అన్నాను.

"ఏమైతది? పొద్దుగాలటి సంది గట్లనే పండింది. అది పండని దినం యాడుంది?" అంది అత్త, తల ఎత్తకుండా.

నాకు నోరు ముందు నడుస్తుంది. బుద్ధి వెనకాల ఆటో ఎక్కి ఎప్పటికో వస్తుంది. ఈ సంగతి మీకు ఇన్ని వారాలుగా తెలుసు. ఆ రోజూ అంతే అయింది.

"ఏం పెట్టినవ్ అత్తమ్మా?"

"ఏంది?"

"దీనికి ఏం పెట్టినవ్ అంటున్న. ఎలుకల మందా?"

చాట ఆగింది. నాగులమ్మ గడప మీద నుంచి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే ఉండిపోయింది.

"నేనా?" అంది అత్త.

"నువ్వు కాకపోతే ఎవ్వలు? పొద్దటి సంది ఇంట్ల నువ్వొక్కదానివే ఉన్నవ్. అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె అంటివి గద. ఉండు ఇగ. ఇల్లంత నీదే, కాళ్లు చాపుకొని ఉండు."

అత్త మొహం చూస్తే ఎవరైనా నోరు మూసుకునేవాళ్లు. నేను మూసుకోలేదు. నోరు లేని జీవాన్ని చంపే మనిషి మనిషేనా అని కూడా అన్నాను. అది నాగులమ్మ విన్నది, కల్లు సైకిల్ మీద వీధిలో పోతున్న మనిషి కూడా విన్నాడు.

"నా కొడుకు మీద ఒట్టు శోభా. నేను ఏం పెట్టలే," అంది అత్త. గొంతు పెంచలేదు. మా అత్త గొంతు పెంచకుండా మాట్లాడటం ఆ ఇంట్లో నేను అడుగుపెట్టిన ఐదేళ్లలో అదే మొదలు. కొడుకు మీద ఒట్టేసినా నేను నమ్మలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

స్కూటీ ముందు కూరగాయల బుట్ట ఉంటుంది. అందులో తువ్వాలు పరిచి, అంజమ్మను పడుకోబెట్టి, పైన చున్నీ కట్టాను. మా ఊరి నుంచి రామన్నపేట పశువుల దవాఖానకు మూడు కిలోమీటర్లు. రోజూ ఏడు నిమిషాల్లో పోయే దారి. ఆ రోజు ఎవరో రోడ్డును రెండు కొసలా పట్టుకుని లాగినట్టుంది. గుంత వచ్చిన ప్రతిచోటా ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో బుట్ట పట్టుకున్నాను. చున్నీ సందులోంచి తెల్ల బొచ్చు గాలికి లేచి నా మొహానికి అంటుకుంటోంది. "అంజమ్మా, ఉన్నవా?" అని అడుగుతూనే ఉన్నాను. పిలిస్తే చెవి తిప్పే పిల్లి అది. చెవి తిప్పలేదు.

దవాఖాన ముందు ఇనుప గొట్టాల మధ్య ఒక బర్రె కట్టేసి ఉంది. డాక్టర్ సుహాసిని భుజం దాకా తొడుగు వేసుకుని దాని వెనక నిలబడి ఉంది. నా బుట్టలోకి తొంగి చూసి, తొడుగు తీసేసి, చేతులు కడుక్కుని వచ్చింది. బర్రె యజమాని ఏదో అనబోతే, "మీది నిలబడ్డది. ఇది పడిపోయింది," అని ఒక్క మాటతో ఆపింది. ఆ మాటకు ఆమెకు దండం పెట్టాలనిపించింది.

"ఏం తిన్నది?"

"ఎలుకల మందు మేడం. మా అత్త పెట్టింది."

"మీరు చూసిండ్రా?"

"లేదు. కానీ..."

"చూడకుంటే చెప్పకండి. నేను దాన్ని బట్టే మందియ్యాలె."

ఆమె అంజమ్మ నోరు తెరిచి చిగుళ్లు చూసింది. గుండె మీద చెవిగొట్టం పెట్టింది. తర్వాత దాని మెడ వెనక ముక్కు ఆనించి వాసన చూసింది.

"తిన్నది కాదు ఇది. ఒంటి మీద ఏదో పూసిండ్రు. అది నాక్కుంది. రాజేశ్, గోరువెచ్చటి నీళ్లు తే. చేతులకు తొడుగులు ఏసుకో. అమ్మా, నువ్వు కూడా ఏసుకో. ఉత్త చేతుల్తోని ముట్టకు."

రాజేశ్ అక్కడి అటెండరు. కత్తెర తెచ్చాడు. మెడ మీది బొచ్చు కత్తిరించాలి అంది డాక్టరు. నేను రోజూ అరగంట దువ్వే బొచ్చు అది. దువ్వకపోతే చంకల్లో, చెవుల వెనక చిక్కులు పడి ఉండలు కడుతుంది. ఆ ఉండ లాగితే పిల్లికి ప్రాణం పోయినంత నొప్పి. అందుకని మీసేవ నుంచి రాగానే టీ కూడా తాగకుండా వాకిట్లో కూర్చుని, వెడల్పు పళ్ల దువ్వెనతో ఒకసారి, సన్న దువ్వెనతో ఒకసారి దువ్వుతాను. ఉప్పు లేకుండా కోడి మాంసం ఉడకబెట్టి, ఎముకలు ఏరి పెడతాను. పాలు పెడితే దానికి కడుపు చెడుతుందని తెలిసేసరికి ఇల్లంతా మూడుసార్లు కడిగాను. మల్లేశ్ ఫోన్ చేస్తే ముందు పిల్లి ఎలా ఉందని అడుగుతాడు, తర్వాత నేను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కత్తెర పడుతున్న ప్రతి కుచ్చూ నా చేత్తో దువ్విందే.

మూడో కుచ్చు పడ్డాక మెడ వెనక ఎర్రటి బొట్టు కనిపించింది. వేలి ముద్రంత బొట్టు.

"రక్తమా?" అన్నాడు రాజేశ్.

రక్తం కాదు. నాకు తెలుసు. అది జాజు, గోడలకు పూసే ఎర్రమన్ను.

మా ఇళ్లలో గొర్రెలకు రక్తం పీల్చే పిడుదులు పట్టినప్పుడు ఒంటికి మందు పూస్తారు. డెబ్బై జీవాలు కాళ్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే దేనికి పూశామో దేనికి పూయలేదో తెలియదు. అందుకని మందు పూసిన ప్రతిదానికీ మెడ వెనక జాజు బొట్టు పెట్టి వదులుతారు. రెండుసార్లు పూస్తే జీవం పోతుందని భయం. మా ఇంట్లో ఆ బొట్టు పెట్టే వేలు ఒక్కటే, మా మామ బొటనవేలు.

నేను అత్తను అన్న మాటలన్నీ తిరిగి వచ్చి నా ముందు వరసగా నిలబడ్డాయి.

మామకు ఫోన్ చేశాను. మంద కాలువ దిక్కు పోయింది. స్పీకర్ పెట్టాను.

"మామా, అంజమ్మకు ఏమన్న పూసినవా?"

"పూసిన బిడ్డా, పొద్దుగాల పోయేటప్పుడు. చెవు ఎనక రెండు పిడుదులు కనవడ్డయ్. పాపం, గీక్కుంటాంది," అన్నాడు మామ హుషారుగా. "ఇయ్యాల మందకు మందు రోజు గద. ముందుగాల ఇంటిదానికి పూసి పోదామని పూసిన. ఎందుకు?"

తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లను మామ చంకలో పెట్టుకుని తిరుగుతాడు. అంజమ్మ కూడా తన వెనకే కాళ్లకు అడ్డం పడుతూ తిరిగేసరికి ఆయనకు అది పిల్లి అన్న సంగతి ఎప్పుడో మరుపుకొచ్చింది. గొర్రెకు చేసే సేవే దానికీ చేశాడు. ఆయన ప్రేమకు వేరే దారి తెలియదు.

"ఏం మందు పెద్దాయనా?" అంది డాక్టరు.

"పిడుదుల మందే మేడం. నీలం మూత సీస. ఎప్పటిదే. అయిపోయిందనుకున్న, చూస్తె నిండ ఉంది. మా ఆమె తెప్పించి పెట్టింది గావచ్చు."

"నీళ్లల్ల కలిపిండ్రా?"

"మందకైతే బకెట్ల కలుపుత. గీ పిల్లికి బకెట్ ఎందుకని నాలుగు చుక్కలు అట్లనే అద్దిన. జీవాలు నీళ్లు తాగి ఒడ్డెక్కుతున్నయ్, ఉంట మేడం." పెట్టేశాడు.

"ఆ మందు గొర్రెలకు మంచిదే గానీ పిల్లులకు మంచిది కాదు," అంది డాక్టరు. కానీ ఆమె కనుబొమలు ముడిపడే ఉన్నాయి. గది కిటికీ మూయించి, లైటు ఆర్పించింది. టార్చి లేకుండా అంజమ్మ కనురెప్పలు ఎత్తింది.

"ఇటు చూడు. చీకట్ల పిల్లి కంటిపాప ఎట్లుండాలె?"

"పెద్దగ, గుండ్రంగ."

అంజమ్మ నీలం కళ్ల మధ్య పాప సూది మొనంత ఉంది.

"పిడుదుల మందుకు ఇట్ల కాదు. నోట్ల ఇంత సొల్లు, కంటిపాప ఇంత చిన్నగ... ఇది వేరే ఏదో. నేను అనుకుంటున్నదే అయితే దానికి సూది నా దగ్గరుంది. అది కాకుంటే మాత్రం ఆ సూదే దీన్ని చంపుతది. ఆ సీస నాకు కావాలె. తొందరగ."

అంజమ్మను రాజేశ్ చేతుల్లో, సబ్బు నీళ్లలో వదిలి మళ్లీ స్కూటీ ఎక్కాను.

నీలం మూత సీసా ఉండే చోటు నాకు తెలుసు. గొర్రెల దొడ్డి పక్క గోడకు చిన్న గూడు ఉంటుంది. కత్తెర, సూది మందులు, జాజు డబ్బా, అన్నీ అందులోనే. ఇంటి ముందు స్కూటీ స్టాండ్ కూడా వేయకుండా వదిలేసి దొడ్లోకి పరుగెత్తాను. గూట్లో కత్తెర ఉంది. జాజు డబ్బా ఉంది. సీసా లేదు. అది ఉన్న చోట గుండ్రంగా తడి మరక ఉంది.

"అత్తమ్మా!"

పలకలేదు. నడిమింట్లో లేదు, వంటింట్లో లేదు. వాకిట్లో చాట బోర్లా పడి ఉంది. కందిపప్పు మట్టిలో చెల్లాచెదురుగా ఉంది, కోళ్లు తింటున్నాయి. మా అత్త గింజ కింద పడితే ఏరుకునే మనిషి.

నాగులమ్మ తన ఇంటి ముందే నిలబడి ఉంది. నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అత్త యాడికి పోయింది?"

"నువ్వు పోయినంక దొడ్లకు పోయింది. చానసేపు రాలే. మల్ల వచ్చింది, కొంగుల ఏదో సీస చుట్టుకున్నది. నేను పిలిస్తె పలకలే శోభా. నా దిక్కు చూడలే. రోడ్డు దిక్కు పోయింది."

"నువ్వు ఆపలేదా?"

"ఆపంగ ఆగే మనిషా? జర నువ్వన్న గా మాటలు..."

ఆ తర్వాత నాగులమ్మ ఏమన్నదో నాకు వినపడలేదు. మా దిక్కున సీసా కొంగులో చుట్టుకుని ఒక ఆడమనిషి ఇంటి నుంచి వెళ్లిందంటే దాని అర్థం ఎవరూ విడమరచి చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేదు. మా వీధిలోనే రెండిళ్లలో గోడకు వేలాడే ఫోటోల వెనక కథ అదే.

పత్తి చేను దాకా పోయాను. గట్టు మీద ఎవరూ లేరు. నడుములెత్తు పత్తి, పసుప్పచ్చ పువ్వులు. "అత్తమ్మా" అని అరిచాను. పక్క చేన్లో కలుపు తీస్తున్న సైదమ్మ లేచి, చూడలేదంది. బాయి కాడికి పోయాను. లోపలికి తొంగి చూశాను. నీళ్లు కదలకుండా ఉన్నాయి. బస్సు ఆగే చోటికి వచ్చాను. అక్కడ ఇద్దరు పిల్లలతో ఎవరో ఉన్నారు. మా అత్తకు ఫోన్ చేస్తే అది ఇంట్లోనే మోగుతుంది, ఆమె దాన్ని ఎప్పుడూ వెంట తీసుకుపోదు. అయినా మూడుసార్లు చేశాను.

ఒకపక్క దవాఖానలో సీసా కోసం చూస్తున్న డాక్టరు, ఒకపక్క ఎక్కడున్నదో తెలియని అత్త. ఎటు పోవాలో తెలియక రోడ్డు మధ్యలో స్కూటీ ఆపి నిలబడ్డాను. మల్లేశ్‌కు చెప్పాలంటే ఏం చెప్పాలి? మీ అమ్మ నీ మీద ఒట్టేస్తే నేను నమ్మలేదు, సీసా తీసుకుని పోయింది అనాలా? ఏడుపు వచ్చింది. నడిరోడ్డు మీద, ఇసుక ట్రాక్టర్ వాడు హారన్ కొడుతుండగా ఏడ్చాను. దేవుడా, ఆ పిల్లి పోయినా సరే ఆమె ఉండాలి అనుకున్నాను. అలా అనుకున్నందుకు అంజమ్మ మీద మళ్లీ ఏడుపు వచ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది. రాజేశ్.

"అక్కా, జల్ది రా. మీ అత్తమ్మ వచ్చింది. ఆటో దిగి లోపలికొచ్చింది. సీస తెచ్చింది."

ఎలా వెళ్లానో తెలియదు. వెళ్లేసరికి డాక్టర్ బల్ల ముందు నిలబడి ఉంది మా అత్త. చెప్పులు లేవు. కొంగంతా తడిసి ఉంది. బల్ల మీద నీలం మూత సీసా. నేను పోయి ఆమె భుజం పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి తీసేయలేదు, నా మొహమూ చూడలేదు.

"గీ సీసల పిడుదుల మందు లేదు మేడం," అంది డాక్టరుతో. "పత్తి మందుంది."

డాక్టరు సీసా మూత తీసి దూరంగా పట్టుకుని వాసన చూసింది. మరుక్షణం మూత బిగించి, రాజేశ్‌కు ఏదో చెప్పింది. రాజేశ్ అల్మరా వైపు పరుగెత్తాడు.

"ఎట్లొచ్చింది దీన్లకు?" అన్నాను నేను.

"నేనే వోసిన." అత్త గోడకు చెప్పినట్టు చెప్పింది. "మొన్న పత్తికి కొట్టినంక డబ్బ పగిలి కారుతాంది. దొడ్ల గీ సీస ఖాళీగ కనవడ్డది, దీన్ల నిండ వోసిన. గూట్ల వెట్టిన. నువ్వు పోయినంక, నేను ఏం పెట్టలే గద, మరి దీనికి ఏమైందని దొడ్లకు పోయి చూసిన. మూతకు జాజు అంటి ఉంది. సీస సగమైంది. అప్పుడు సమజైంది."

"మామకు చెప్పలేదా అత్తమ్మా?"

"చెప్పాలనుకున్న. గాయనతోని నాలుగు దినాల సంది మాట్లాడుతలేను గద. గాయనే అడుగుతడు, అప్పుడు చెప్త అనుకున్న."

"వాసన రాలేదా ఆయనకు? మూత తీస్తె పత్తి మందు వాసన గుప్పుమంటది గద!"

"కరోన రెండోసారి వచ్చిపోయినప్పటి సంది గాయన ముక్కుకు వాసన యాడుంది? కూర మాడినా తెలుస్తలేదు. చదువు రాదు. మూత రంగు చూసి తీస్తడు."

అత్త వేసిన ఒట్టు నిజం. ఆమె ఏమీ పెట్టలేదు. పూసింది మామ. మామ చేతికి విషం ఇచ్చింది ఆమె మౌనం. ఆ మౌనం ఈ పిల్లి గురించే. నేను మాత్రం వాకిట్లో నిలబడి ఆమెను హంతకురాలిని చేశాను. ముగ్గురం కలిసి, ముగ్గురం దానికి మంచి చేస్తున్నామనో మా మాట నెగ్గాలనో అనుకుంటూ, ఎవరికీ ఏ కీడూ చేయని జీవాన్ని ఆ బల్ల మీదికి చేర్చాం.

"అత్తమ్మా, నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను.

"ముందు దాని సంగతి చూడు," అంది.

డాక్టరు సూది ఇచ్చింది. తడిసిన అంజమ్మ సగం అయిపోయింది. బొచ్చు కింద ఇంత సన్నగా ఉంటుందని నాకు తెలియదు. ఎండు తువ్వాలులో చుట్టి, వేడినీళ్ల సీసా పక్కన పెట్టి, పది నిమిషాలకోసారి కనురెప్ప ఎత్తి చూస్తూ కూర్చుంది డాక్టరు. బర్రె యజమాని కూడా కిటికీలోంచి చూస్తున్నాడు. నేను కూర్చోలేక గుమ్మం దాకా పోయి వస్తున్నాను. పోయి, వచ్చి, మళ్లీ పోయాను. మూడో సూది తర్వాత సొల్లు కారడం తగ్గింది. నాలుగోసారి కనురెప్ప ఎత్తినప్పుడు నీలం మధ్య నల్లపాప కందిగింజంత అయింది.

"పని చేస్తాంది," అంది డాక్టరు. "గండం పోయిందని అనలేను. రెండు దినాలు ఇట్లనే కనిపెట్టుకొని ఉండాలె. కానీ మందు దొరికింది."

అత్త ముందుకు వంగింది. ఒక్క వేలితో, తొడుగు వేసుకున్న వేలితో, కత్తిరించిన మెడ మీద నిమిరింది. ఆరు నెలల్లో ఆమె అంజమ్మను ముట్టుకోవడం అదే మొదటిసారి. అంజమ్మ గొంతులో గురగుర రాలేదు. కానీ తోక చివర, ఒక్కసారి, కదిలింది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. అత్త పీల్చుకోలేదు. వేలు పిల్లి మెడ మీదే ఉంచి, అలాగే బిగుసుకుపోయింది.

"శోభా," అంది. "సీస సగమే ఉంది."

"అవు, అంజమ్మకు పూసిండు గద."

"పిల్లికి నాలుగు చుక్కలు. మిగిలింది యాడికి పోయింది?"

అప్పుడు తట్టింది నాకు. డాక్టరుకు నాకన్నా ముందే తట్టినట్టుంది, కుర్చీలోంచి లేచింది. ఇవాళ మందకు మందు రోజు. మామ సీసాను ఇంట్లోనే ఉంచి, ఆ పూటకు సరిపడా మందు చిన్న డబ్బాలోకి వంపుకుని పోతాడు. జీవాలు నీళ్లు తాగి ఒడ్డెక్కుతున్నాయని ఫోన్ పెట్టేసి గంటన్నర అయింది.

మామ నంబరు నొక్కాను. మోగి మోగి ఆగింది. మందు పూసేటప్పుడు ఫోన్‌ను సద్ది సంచిలో పెట్టి చెట్టుకు తగిలిస్తాడు. మళ్లీ నొక్కాను. ఆగింది. అత్త నా చేతిలోని ఫోన్ వైపు చూస్తూ పెదవులు కదుపుతోంది, ఏ దేవుడిని పిలుస్తోందో. మూడోసారి, నాలుగోసారి. ఐదోసారి ఎత్తాడు.

"ఆఁ బిడ్డా, చెప్పు. అంజమ్మ ఎట్లుంది?"

"మామా, పూసుడు ఆపు! అది పిడుదుల మందు కాదు, పత్తి మందు!"

"ఏమంటున్నవో బిడ్డా... గాలికి ఇనవస్తలేదు. నాకు సుత తలకాయి తిరుగుతాంది. ఎండకేమో, కండ్లు మసక మసకగైనయ్. నోట్లె నీళ్లూరుతున్నయ్."

అత్త రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

డాక్టరు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "పెద్దాయనా, డాక్టరమ్మను. మందు దేంతోని పూస్తున్నరు?"

"దేంతోనేంది మేడం, చేతుల్తోనే. గంట సంది గిదే పని."

"అన్నీ ఇడిచిపెట్టండి. ఉన్న జాగాలనే సబ్బుతోని చేతులు కడుక్కోండి. అంగి ఇప్పండి. నేను చెప్పేది ఇనవస్తుందా?"

"కడుక్కుంట మేడం, ఎందుకు కడుక్కోను," అన్నాడు మామ నెమ్మదిగా, నాలుక తిరగనట్టు. "ఇంకో ముప్పై జీవాలున్నయ్. గవి అయిపోంగనే కడుక్కుంట."

ఫోన్ పెట్టేశాడు.